పుల్ త్రూ అయ్యింది, బ్యాగ్ తీసేశారు, ఇప్పుడు రోజంతా మోషన్లే... ఇది ఎప్పటికి సర్దుకుంటుంది?

చిన్నోడి అమ్మ, ఖమ్మం

అందరికీ నమస్తే, నేను ఇక్కడ కొత్త. హిర్ష్‌స్ప్రంగ్ (పేగు చివర్లో నరాల కణాలు లేకుండా పుట్టే జబ్బు) ఉన్న పిల్లల గురించి పాత పోస్టులు చదివీ చదివీ చివరికి నేనూ రాస్తున్నాను. మా బాబుకి ఏడాది దాటింది. పుట్టాక రెండు రోజులైనా నల్ల మోషన్ అవ్వలేదు, పాలు పడితే పచ్చగా వాంతి, పొట్ట ఉబ్బిపోయి పైన నరాలు కనపడేవి. హైదరాబాద్ తీసుకెళ్తే బేరియం ఎనిమా ఎక్స్‌రే తీసి, తర్వాత బయాప్సీ చేసి, పేగు చివర్లో గ్యాంగ్లియాన్ కణాలు, అంటే పేగుని కదిలించే నరాల కణాలు లేవు, ఆ ముక్క కదలదు అని చెప్పి ముందు కొలోస్టమీ చేసి, అంటే పేగుని పొట్ట మీద రంధ్రంలోంచి బయటికి తెచ్చి, మలం పడటానికి బ్యాగ్ పెట్టారు. బరువు పెరిగాక పుల్ త్రూ (ఆ ముక్క తీసేసి మంచి పేగుని కిందికి లాగి కుట్టే ఆపరేషన్) చేశారు, ఈ మధ్యనే బ్యాగ్ ఉన్న చోటు కూడా మూసేశారు.

ఆపరేషన్ బాగా జరిగింది అన్నారు, మేమూ ఇంక గండం గడిచింది అనుకుని ఇంటికొచ్చాం. వచ్చిన దగ్గర్నుంచి గంటకోసారి మోషన్, ఒక్కోసారి డైపర్ టేపు వేసేలోపే మళ్ళీ. కొంచెం కొంచెంగా, నీళ్ళగా, పుల్లటి వాసన. కింద చర్మం అంతా ఎర్రగా కందిపోయి రెండు చోట్ల ఊడి రక్తం వస్తోంది, కడుగుతుంటే వాడి ఏడుపు విని పక్కింటివాళ్ళు ఏమైందమ్మా అని వస్తున్నారు. ఇంట్లో వాళ్ళేమో బ్యాగ్ ఉన్నప్పుడే నయం కదా, ఆపరేషన్ ఫెయిల్ అయ్యిందేమో అంటున్నారు. మా అత్తగారైతే నేను కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట బయటికొచ్చాననే మాట ఇంకా వదల్లేదు.

ఇంకో భయం, వచ్చే వారం డైలేటర్ (కుట్టిన చోటు బిగుసుకోకుండా మలద్వారంలో పెట్టే కడ్డీ) పెట్టడం నేర్పిస్తాం రమ్మన్నారు. నా చేత్తో నేను అది చెయ్యగలనా అని ఇప్పట్నుంచే చేతులు వణుకుతున్నాయి. మీ పిల్లలకి ఇలాగే అయ్యిందా, ఎన్నాళ్ళకి తగ్గింది, చర్మానికి ఏం రాశారు, ప్లీజ్ చెప్పండి.

బుజ్జితల్లి మమ్మీ, వైజాగ్

అయ్యో ముందు మీరు కాస్త ఊపిరి తీసుకోండమ్మా. ఫెయిల్ అవ్వలేదు. మా పాపకీ అచ్చం ఇదే. మొదటి నెలలో మేం లెక్క పెట్టడమే మానేశాం, రోజుకి పదిహేను ఇరవై అయ్యేవి. ఇప్పుడు నాలుగేళ్ళు, రోజుకి రెండు మూడు సార్లు వెళ్తుంది అంతే.

చర్మం సంగతి చెప్తాను, అందులో నేను పీహెచ్‌డీ చేశాను అనుకోండి. వెట్ వైప్స్ పూర్తిగా ఆపెయ్యండి, వాసన లేనివైనా సరే. గోరువెచ్చని నీళ్ళు పొయ్యండి, రుద్దొద్దు, పాత నూలు చీర ముక్కతో అద్దండి అంతే. ఆరాక జింక్ ఆక్సైడ్ పేస్టు, పల్చటి క్రీమ్ కాదు గట్టి పేస్టు, కింద చర్మం కనపడనంత మందంగా పట్టించాలి. ముఖ్యమైన విషయం ఏంటంటే మళ్ళీ మోషన్ అయినప్పుడు ఆ పేస్టు మొత్తం కడిగెయ్యకూడదు, పైన మురికి వరకే తీసి దాని మీదే ఇంకో పొర వెయ్యాలి. మనకి తెల్లగా అయ్యేదాకా రుద్ది కడిగే అలవాటు కదా, అక్కడే చర్మం ఊడొస్తుంది. రోజుకి ఒకసారి మొత్తం తియ్యాలంటే కొబ్బరి నూనె పోసి నానబెట్టి దూదితో తియ్యండి. ఇంట్లో ఉన్నంతసేపు డైపర్ వద్దు, కింద రబ్బరు షీటు పైన బట్ట వేసి గాలికి వదిలెయ్యండి. ఇల్లు పాడవుతుంది, అవ్వనివ్వండి.

ఎర్రటి మచ్చ చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు వచ్చాయా? వస్తే అది ఫంగస్ అయ్యుండొచ్చు, దానికి జింక్ ఒక్కటే చాలదు, డాక్టర్‌కి చూపించి క్రీమ్ రాయించుకోవాలి.

కరీంనగర్ నాయిన

అక్కా మొదలు పరేషాన్ అవుడు బంద్ చెయ్యి. మా పోరనికి గూడ గిట్లనే అయింది. ఆ తోలు ఎన్నడు మలం చూడలే గద, పుట్టినకాన్నుంచి అంత బ్యాగులకే పాయె, ఇప్పుడు ఒక్కసారే పడేసరికి మండుతది. మా దవాఖానల ఒక సిస్టరమ్మ బ్యాగ్ మూసే ముందట రెండు వారాల నుంచి రోజు బ్యాగుల మలం జరంత కింద రాయమని చెప్పింది, తోలుకు అలవాటు గావాలని. మేం నవ్వినం గానీ రాసినం. రాసినా పుండ్లు వడ్డయి, రాయకపోతే ఇంకెంత వడుతుండెనో. ఇంకా బ్యాగ్ మూయనోళ్ళు ఎవ్వరన్న ఇది చదువుతుంటే మీ సర్జన్‌ను అడుగుండ్రి.

ఇంట్ల మాటలు పట్టించుకోకు. మా కాడ గూడ బ్యాగే నయం అన్నరు. బ్యాగ్ ఉన్నప్పుడు బ్యాగ్ ఎప్పుడు వోతది అన్నోళ్ళే గాళ్ళు.

అమ్మమ్మ గుంటూరు

అమ్మాయీ, నా మనవడికి పేగు ఆపరేషన్ అయ్యింది, వేరే జబ్బులే గానీ విరేచనాలు మాత్రం ఇట్లాగే పట్టుకున్నాయి. దానిమ్మ తొక్క ఎండబెట్టి కషాయం కాచి రెండు చెంచాలు పోస్తే కట్టేస్తుంది. వసకొమ్ము అరగదీసి నాకించినా మంచిదే. మా రోజుల్లో ఈ డైలేటర్లూ అవీ ఎక్కడివి.

సిస్టర్ రమ్య

అమ్మమ్మగారూ మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఈ పిల్లలకి మోషన్ కట్టేసేది ఏదీ ఇంట్లో పొయ్యకూడదు. కషాయమైనా, మెడికల్ షాపులో అడిగి తెచ్చే లోపెరమైడ్ అయినా. కొందరికి తర్వాత తర్వాత సర్జనే లోపెరమైడ్ రాస్తారు, అది వేరే విషయం, వాళ్ళు పొట్ట చూసి రాస్తారు. వసకొమ్ము అసలే వద్దు.

నేను పిల్లల సర్జరీ వార్డులో చాలా ఏళ్ళు చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, పొడుగైతే ఏమనుకోకండి. పేగు చివర, అంటే మలం నిలవ ఉండే చోట ఉన్న పనిచెయ్యని ముక్కని తీసేసి పైన ఉన్న మంచి పేగుని కిందికి లాగి కుట్టారు. ఆ లాగిన పేగుకి నిలవ ఉంచుకోవడం ఇంకా రాదు. పైగా ఇన్నాళ్ళూ స్టోమా, అంటే బ్యాగ్ పెట్టిన రంధ్రం, కింద ఉన్న పేగు ఖాళీగా ఉంది, మళ్ళీ నీళ్ళు పీల్చుకోవడం మొదలెట్టాలి. అందుకే మొదట్లో కొంచెం కొంచెంగా పదిసార్లు పదిహేనుసార్లు పోతారు. నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, కొందరికి ఏడాది పైనే పడుతుంది. ఎక్కువ పేగు తీసేసిన వాళ్ళకి ఇంకా ఆలస్యం.

అందుకని ఈ పిల్లల్లో మోషన్లు ఎన్నిసార్లు అనేది నాకు పెద్ద భయం కాదు. నేను భయపడేది వేరేది. పొట్ట బిగుసుకుని ఉబ్బడం, జ్వరం, పాలు తాగకపోవడం, వాంతి, పిల్లాడు వడిలిపోయి పడుకోవడం, మోషన్ ఒక్కసారిగా ఆగిపోవడం లేదా భరించలేని కుళ్ళు వాసనతో నీళ్ళలా చిమ్మడం. దాన్ని ఎంటెరోకొలైటిస్ అంటారు, పేగు లోపల మలం నిలిచిపోయి ఇన్ఫెక్షన్ అవ్వడం. ఆపరేషన్ సక్సెస్ అయిన పిల్లలకి కూడా వస్తుంది, మొదటి ఏడాదిలో ఎక్కువ. అది గంటల మీద ముదురుతుంది. ఆ లక్షణాలు కనపడితే పొద్దున ఓపీకి వెళ్దాం అనుకోవద్దు, రాత్రి ఎంతైనా ఎమర్జెన్సీకే.

గ్రహణం గురించి. పేగుల్లో నరాల కణాలు గర్భంలో 5వ వారం నుంచి 12వ వారం లోపు పైనుంచి కిందికి జరుగుతూ వస్తాయి, దారిలో ఆగిపోతే ఆ కింద భాగానికి కణాలు ఉండవు. సుమారు 5000 మందిలో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో నాలుగింతలు ఎక్కువ. సూర్యుడికీ చంద్రుడికీ ఇందులో పనేం లేదు. ఈ ముక్క మీ అత్తగారికి చదివి వినిపించండి.

అమ్మమ్మ గుంటూరు

సరేనమ్మా, నాకు తెలిసింది చెప్పాను. పోయించొద్దులే అయితే. పిల్లాడు బాగుండాలి అంతే.

కడప సీమ బిడ్డ

అక్కా తిండి ఏం పెడతాండావు? మా వానికి అదే పెద్ద గొడవ అయినాది. మేము ఆపరేషన్ అయిన తర్వాత బలం రావల్లని ద్రాక్ష రసం, బత్తాయి రసం, గ్లూకోజు నీళ్ళు అన్నీ తాపినాము, అవి తాపిన రోజు కింద మంట ఇంకా జాస్తి. తీపి రసాలు పేగులోకి నీళ్ళు లాగుతాయంట, డాక్టరమ్మ చెప్పినాక ఆపేసినాం. మెత్తగా ఉడికిన అన్నంలో పెసరపప్పు కట్టు, కాస్త నెయ్యి, మజ్జిగన్నం, అరటిపండు, సగ్గుబియ్యం జావ, ఉడకబెట్టిన ఆలుగడ్డ, క్యారెట్టు. ఇవి పెడితే మోషన్ కాస్త చిక్కబడ్తాది. అమ్మపాలు ఉంటే ఆపొద్దు అని కూడా చెప్పినారు. కొత్త తిండి పెడితే ఒకటే పెట్టి రెండు మూడు రోజులు చూడల్ల, నాలుగు ఒకేసారి పెడితే ఏది పడలేదో తెలీదు.

చిన్నోడి అమ్మ, ఖమ్మం

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రాత్రి చదువుతూ ఏడ్చేశాను, ఇన్నాళ్ళూ ఇది మాకొక్కరికే అనుకున్నాను. గ్రహణం పేరా మా ఆయన గట్టిగా చదివి వినిపించాడు, అత్తగారు ఏమీ అనలేదు, టీవీ సౌండ్ పెంచారు.

పేస్టు మందంగా రాయడం మొదలుపెట్టాక రక్తం ఆగింది. ఫంగస్ కూడా ఉందని ఇక్కడ పిల్లల డాక్టర్ క్రీమ్ రాశారు. యాపిల్ జ్యూస్ ఆపేశాను. సగ్గుబియ్యం జావ ఇష్టంగా తాగుతున్నాడు.

ఇక డైలేటర్. ఆసుపత్రిలో ఒకసారి వాళ్ళు చేసి చూపించి, రెండోసారి నాతో చేయించారు. స్టీల్ కడ్డీ చూస్తేనే నాకు కళ్ళు తిరిగాయి. ఇంట్లో రోజూ చెయ్యాలంట. మీరందరూ ఎలా చేశారు?

డాలస్ తెలుగమ్మ

హాయ్, మాది టెక్సస్, మా అబ్బాయికి ఇక్కడే సర్జరీ అయ్యింది. ముందు ఒక విషయం, అందరు సర్జన్లూ రొటీన్‌గా డైలేషన్ చేయించరు, మా డాక్టర్ ఓపీకి వెళ్ళినప్పుడు వేలితో చూసి కుట్టు బిగుసుకోవట్లేదు అవసరం లేదు అన్నారు, మా ఫ్రెండ్ వాళ్ళ డాక్టర్ నెలల తరబడి చేయించారు. కాబట్టి వీళ్ళు చెయ్యమన్నారు వాళ్ళు వద్దన్నారు అని కంగారు పడొద్దు, మీ బాబు లోపల ఎలా ఉందో మీ సర్జన్‌కే తెలుసు.

మా ఫ్రెండ్ చెప్పిన చిట్కాలు: స్నానం తర్వాత చెయ్యండి, ఒళ్ళు వదులుగా ఉంటుంది. డైలేటర్‌ని గోరువెచ్చని నీళ్ళలో ఉంచి తుడిచి జెల్లీ బాగా రాయండి. మోకాళ్ళు పొట్ట వైపు మడిచి ఇంకొకరు పట్టుకోవాలి, ఆ ఇంకొకళ్ళు పాట పాడినా ఫోన్ చూపించినా పర్లేదు, స్క్రీన్ టైమ్ రూల్స్ ఇక్కడ వర్తించవు. తొయ్యకూడదు, అక్కడ ఆనించి పట్టుకుంటే దానంతట అది వదులయ్యి లోపలికి వెళ్తుంది. పిల్లాడు ఏడ్చేది నొప్పికంటే కదలకుండా పట్టుకున్నందుకే ఎక్కువ.

సిస్టర్ రమ్య

బాగా చెప్పారు. ఈ స్టీల్ కడ్డీని హేగర్ డైలేటర్ అంటారు, దాని మీద నంబర్ అంటే మిల్లీమీటర్లలో దాని మందం. చాలామంది సర్జన్లు ఏడాది నుంచి మూడేళ్ళ పిల్లలకి 15 దాకా తీసుకెళ్తారు, కానీ అక్కడిదాకా మెల్లగా పెంచుకుంటూ వెళ్ళాలి, ఎప్పుడు పెంచాలో వాళ్ళే చెప్తారు, తొందరగా అయిపోతుందని మీరే పై సైజు పెట్టొద్దు. జెల్లీ మీద కాస్త రక్తపు చార కనపడితే కంగారు లేదు. ధారగా వచ్చినా, ఉన్న సైజే అకస్మాత్తుగా దూరకపోయినా ఆపేసి ఫోన్ చెయ్యండి. ఎప్పుడూ ఒకే మనిషి చెయ్యడం కంటే భార్యాభర్తలు ఇద్దరూ నేర్చుకోండి, నాన్నలు వార్డులో గోడకి ఆనుకుని నిలబడి చూస్తూ ఉంటారు, అది నాకు నచ్చదు.

కరీంనగర్ నాయిన

సిస్టర్ గోడకు ఆనుకున్నోళ్ళల్ల నేను లేను, మా ఇంట్ల డైలేటర్ నేనే వెట్టేది. మా ఆమె పట్టుకునేది.

చిన్నోడి అమ్మ, ఖమ్మం

అర్జెంట్ అండి ఎవరైనా ఉన్నారా. నిన్న సాయంత్రం నుంచి మోషన్ లేదు. మా అత్తగారు హమ్మయ్య కట్టింది అన్నారు నేనూ సంతోషించాను. ఇప్పుడు చూస్తే పొట్ట గట్టిగా ఉంది, ఒళ్ళు వెచ్చగా ఉంది 101 చూపిస్తోంది, రెండుసార్లు పాలు వద్దన్నాడు. ఇందాక ఒక్కసారి చిమ్మినట్టు నీళ్ళ మోషన్ అయ్యింది, వాసనకి గదిలో ఉండలేకపోయాం. ఇక్కడ క్లినిక్‌లో విరేచనాల సిరప్ ఇచ్చి రేపు రమ్మన్నారు. వెయ్యాలా?

బుజ్జితల్లి మమ్మీ, వైజాగ్

సిరప్ వద్దు!! ఇప్పుడే బయల్దేరండి. రమ్యగారు పైన రాసిందంతా ఇదే కదా.

కరీంనగర్ నాయిన

అక్కా బండి మాట్లాడుకో, 108కి ఫోన్ కొట్టు, పొద్దుగాల దాంక ఆగకు.

సిస్టర్ రమ్య

ఇది ఎంటెరోకొలైటిసే అనుకుని కదలండి. విరేచనాల మందు వెయ్యొద్దు. మీకు ఆపరేషన్ చేసిన ఆసుపత్రి నంబర్‌కి దారిలోనే ఫోన్ చేసి "హిర్ష్‌స్ప్రంగ్, పుల్ త్రూ అయిన పిల్లాడు, పొట్ట ఉబ్బింది, జ్వరం" అని ఈ మాటలే చెప్పండి. హైదరాబాద్ దూరం, ఖమ్మంలోనో దారిలోనో పెద్దాసుపత్రిలో సెలైన్ పెట్టించుకుని అక్కడి నుంచి అంబులెన్స్‌లో వెళ్ళడం మంచిది. పిల్లల సర్జన్ ఉన్న చోటికి చేరాలి, ఆ సంగతి మాత్రం మర్చిపోవద్దు. డిశ్చార్జ్ కాగితాలు తీసుకోండి. చేరాక ఒక్క ముక్క రాయండి.

డాలస్ తెలుగమ్మ

ఇక్కడ పగలు, నేను ఆన్‌లైన్‌లోనే ఉన్నాను, ఏదైనా అవసరమైతే మెసేజ్ చెయ్యండి.

కడప సీమ బిడ్డ

ఏమైనాది అక్కా? పొద్దున్నుంచి ఫోన్ చూస్తానే ఉండాను.

చిన్నోడి అమ్మ, ఖమ్మం

అందరికీ దండం. అడ్మిట్ అయ్యాం, ఇప్పుడు కాస్త తేరుకున్నాడు, అందుకే రాస్తున్నాను. ఎక్స్‌రేలో పేగులన్నీ గాలితో ఉబ్బి ఉన్నాయి. ఎంటెరోకొలైటిసే అన్నారు. నోటి ద్వారా అన్నీ ఆపి, సెలైన్, మెట్రోనిడజోల్ ఇంకో యాంటీబయాటిక్ పెట్టారు, ముక్కులోంచి ట్యూబ్ వేశారు. అన్నిటికంటే కింద నుంచి ట్యూబ్ పెట్టి సెలైన్‌తో కడగడంతోనే పొట్ట దిగింది, మొదటి వాష్‌కే ఎంత గాలి వచ్చిందో, అది అయ్యాక గానీ వాడు కళ్ళు తెరిచి నన్ను చూడలేదు. డాక్టర్‌గారు తొందరగా తెచ్చారు అన్నారు. ఆ మాట మీ అందరికీ చెందుతుంది.

ఇంటికి వెళ్ళేముందు వాష్ నాకూ మా ఆయనకీ నేర్పిస్తారంట.

బుజ్జితల్లి మమ్మీ, వైజాగ్

అమ్మయ్య! పొద్దున సింహాచలం వైపు చూసి దండం పెట్టుకున్నాను.

పాతకాపు 91

నేను ఈ గ్రూపులో ఎక్కువ రాయను, చదువుతుంటాను. నాకు హిర్ష్‌స్ప్రంగ్. 1991లో పుట్టాను, అప్పట్లో మూడు ఆపరేషన్లు, డుహామెల్ పద్ధతిలో (అదీ ఒకరకం పుల్ త్రూనే) చేశారని నా పాత ఫైల్లో ఉంది. ఇప్పుడు సివిల్ ఇంజనీర్‌ని, పెళ్ళయ్యింది, ఒక పాప. బిర్యానీ తింటాను. పెళ్ళి భోజనంలో మాత్రం రెండో రౌండ్ పాయసం మానేస్తాను, తర్వాత నాకు తెలుసు సంగతి.

చిన్నప్పుడు నాకూ రెండు మూడు సార్లు ఈ ఎంటెరోకొలైటిస్ వచ్చిందని అమ్మ చెప్తుంది. స్కూల్లో బాత్రూమ్‌కి ఎప్పుడు అడిగితే అప్పుడు పంపమని నాన్న హెడ్‌మాస్టర్‌కి లెటర్ రాసిచ్చాడు, బ్యాగ్‌లో ఎక్స్‌ట్రా నిక్కర్ ఉండేది, ఏడో తరగతి దాకా. పిల్లలు ఏడిపించారు, ఏడిపించలేదని చెప్పను. పదేళ్ళు దాటాక చాలావరకు కంట్రోల్ వచ్చింది. మీరు ఇప్పుడు చూస్తున్నది అన్నిటికంటే కష్టమైన భాగం, ఆ వయసు నాకు గుర్తే లేదు, మా అమ్మకే గుర్తు.

కడప సీమ బిడ్డ

అన్నా నీ పోస్టు మా ఇంటాయనకు చూపించినా, రెండుసార్లు చదివినాడు. ఒక డౌట్, మేము రెండో బిడ్డ గురించి ఆలోచిస్తాండాం. మళ్ళీ వస్తాదా? నీ పాపకు ఏమీ లేదు గదా?

పాతకాపు 91

మా పాపకి ఏమీ లేదు. పుట్టిన రోజే మోషన్ చేసింది, లేబర్ వార్డులో ఆ వార్తకి అంత సంతోషపడ్డ తండ్రిని నేనొక్కడినే అయ్యుంటాను.

సిస్టర్ రమ్య

కడప చెల్లీ, మామూలు వాళ్ళకంటే రిస్క్ కాస్త ఎక్కువే, కానీ ఎక్కువమందికి రెండో బిడ్డ మామూలుగానే పుడతారు. మొదటి బిడ్డకి ఎంత పొడుగు పేగు దెబ్బతింది అనేదాన్ని బట్టి ఉంటుంది, చివర కొంచెమే అయితే రిస్క్ తక్కువ, పెద్ద పేగు మొత్తం అయితే ఎక్కువ. రెట్ అనే జీన్‌లో తేడా కొందరిలో కనపడుతుంది. ప్లాన్ చేసుకునే ముందు ఒకసారి జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి, కాన్పు మాత్రం పిల్లల సర్జరీ ఉన్న ఊళ్ళో పెట్టుకోండి.

డాలస్ తెలుగమ్మ

వాష్ గురించి ఒకటి. చాలామంది ఎనిమా, వాష్ ఒకటే అనుకుంటారు. ఎనిమా అంటే లోపలికి పంపి పిల్లాడు తనే బయటికి తోసేదాకా ఆగడం. మన పిల్లలకి తోయడమే సమస్య. వాషౌట్‌లో మెత్తటి ట్యూబ్ పెట్టి కొంచెం సెలైన్ పంపి, అదే ట్యూబ్‌లోంచి మలం, గాలి, నీళ్ళు వెనక్కి రానిచ్చి, మళ్ళీ పంపడం, తేటగా వచ్చేదాకా. పంపింది వెనక్కి వచ్చిందా లేదా చూసుకోవాలి.

మా అబ్బాయికి ఆ తర్వాత కూడా తరచూ ఉబ్బుతుంటే మలద్వారం కండరానికి బోటాక్స్ ఇంజెక్షన్ ఇచ్చారు, అవును ముఖానికి ఇచ్చే బోటాక్సే. వదులయ్యి గాలి పోవడం మొదలయ్యింది. ఇంకా పెద్దయ్యాక కంట్రోల్ రాని పిల్లలకి ఇక్కడ అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో కొలంబస్, సిన్సినాటి ఆసుపత్రుల్లో బవెల్ మేనేజ్‌మెంట్ అని వారం రోజుల ప్రోగ్రామ్ ఉంటుంది, రోజూ ఎక్స్‌రే చూసి ఎనిమానో మందో డోస్ సరిచేస్తారు.

కరీంనగర్ నాయిన

మంచిగనే ఉన్నది గానీ మేడమ్, మా కాడ ఎక్స్‌రే తియ్యాల్నంటెనే ఒక దినం కూలి పాయె. అమెరికా ముచ్చట్లు విని ఇక్కడోళ్ళు దిల్ ఖరాబ్ చేసుకోవద్దు. మావోనికి మూడు ఆపరేషన్లూ ఆరోగ్యశ్రీలనే అయినయి, డాక్టర్లు మంచిగ చేసిండ్రు. ఒక్కటే చెప్తున్న, ప్రతి ఆపరేషన్‌కు అప్రూవల్ మళ్ళ వేరే రావాలె, దవాఖానల ఉండే ఆరోగ్యమిత్రను పట్టుకొని ముందుగాలనే కాగితాలు పెట్టిపిచ్చుకోవాలె. డిశ్చార్జ్ అయినంక 10 రోజుల మందులు గూడ ఇస్తరు, అడగకపోతే మర్శిపోతరు. ఆంధ్రల 2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. బ్యాగులు మాత్రం మేం బయటనే కొన్నం, పైసల్లేనప్పుడు పాత పంచె మడతలు వెట్టి కట్టినం, అదీ నడిచింది.

డాలస్ తెలుగమ్మ

నిజమే అన్నా, ఇక్కడ ఉంది కదా అని చెప్పాను అంతే. ఇక్కడ బిల్లు చూస్తే మాకూ దిల్ ఖరాబే.

వరంగల్ కొత్త తల్లి

మధ్యలో వస్తున్నాను సారీ. మేం వాష్‌కి ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళు వాడుతున్నాం, సెలైన్ బాటిల్ అయిపోయింది. పర్లేదా?

సిస్టర్ రమ్య

లేదమ్మా, ఉత్త నీళ్ళు వద్దు, కాచినా సరే. పేగు ఆ నీళ్ళని పీల్చేసుకుంటే ఒంట్లో సోడియం పడిపోతుంది, చిన్నపిల్లలకి ఫిట్స్ దాకా వెళ్తుంది. నార్మల్ సెలైన్ మాత్రమే, ఒంటి వేడికి వచ్చేలా బాటిల్‌ని గోరువెచ్చని నీళ్ళలో పెట్టి. ఒక్కో విడతకి కిలో బరువుకి 10 నుంచి 20 ఎంఎల్ పంపిస్తారు, కానీ ఆ లెక్క, ట్యూబ్ సైజు, ఎంత లోపలికి అనేది మీకు నేర్పినవాళ్ళు రాసిచ్చినట్టే చెయ్యండి. నేర్పించుకోకుండా ఫోన్లో వీడియో చూసి మాత్రం ఎవరూ మొదలుపెట్టొద్దు, కొత్త కుట్టు చిరిగే ప్రమాదం ఉంది. సెలైన్ మామూలు మెడికల్ షాపులో దొరుకుతుంది, రెండు బాటిళ్ళు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి.

చిన్నోడి అమ్మ, ఖమ్మం

చాలా నెలల తర్వాత వస్తున్నాను, ఎవరైనా మమ్మల్ని గుర్తుపెట్టుకున్నారా? ఈ మధ్య రాసే తీరికే లేదు, ఎందుకంటే మావాడు పరిగెడుతున్నాడు, వాడి వెనకాల నేను.

మోషన్లు ఇప్పుడు రోజుకి నాలుగైదు, చేమదుంపల్లాంటి పడనిది ఏదైనా తింటే ఏడు. కింద చర్మం మామూలైపోయింది, అయినా జింక్ పేస్టు డబ్బా ఇంట్లో అన్ని గదుల్లో ఒకటి ఉంది. డైలేటర్ మొదట రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు, పోయిన నెల డాక్టర్‌గారు చూసి ఇంక చాలు అన్నారు. మధ్యలో ఇంకోసారి పొట్ట ఉబ్బింది కానీ ఈసారి జ్వరం రాకముందే పట్టుకున్నాం, ఫోన్ చేసి అడిగి వాష్ ఇచ్చి బయల్దేరాం, ఒక్క రాత్రి ఉంచుకుని పంపించేశారు. పట్టుకుంది ఎవరనుకున్నారు, మా అత్తగారు. రోజూ పొద్దున వాడి పొట్ట మీద వేళ్ళతో తట్టి చూస్తారు ఇప్పుడు, ఇవాళ మెత్తగా ఉంది అనో, కొంచెం డోలు కొడుతోంది అనో మాకు రిపోర్ట్ ఇస్తారు. గ్రహణం మాట మళ్ళీ రాలేదు.

బరువు తక్కువే ఇంకా, వయసుకి ఉండాల్సిన దానికంటే. డాక్టర్ పెరుగుతున్నాడు కదా, బరువు చార్టులో గీత ఎక్కుతోంది కదా అంటారు, మా చుట్టాలు మాత్రం చూడగానే సన్నగా ఉన్నాడేంటి అంటారు, వాళ్ళ నోరు కుట్టే సర్జన్ ఎవరైనా ఉంటే చెప్పండి. ప్లేస్కూల్లో ఎప్పుడు వెయ్యొచ్చు, టాయిలెట్ ట్రైనింగ్ ఎలా చేశారు మీరు?

బుజ్జితల్లి మమ్మీ, వైజాగ్

ఎందుకు గుర్తుండరు! టాయిలెట్‌కి తొందర పడకండి, మిగతా పిల్లలతో పోల్చొద్దు. అన్నం తిన్న పావుగంటకి పేగు తనంతట తనే కదులుతుంది, అప్పుడు పాటీ మీద ఐదు పది నిమిషాలు కూర్చోపెట్టండి, కాళ్ళ కింద పీట ఉండాలి, కాళ్ళు వేలాడితే తోయలేరు. అయ్యిందా లేదా అని అడగొద్దు, కూర్చున్నందుకు మెచ్చుకోండి చాలు. మా పాప మూడున్నర దాటాక నేర్చుకుంది. ప్లేస్కూల్లో ఆయమ్మని ముందే కలిసి అన్నీ చెప్పాం, పండక్కి ఒక చీర పెట్టాం, ప్రిన్సిపాల్ కంటే ఆవిడే ముఖ్యం.

పాతకాపు 91

ఎక్స్‌ట్రా నిక్కర్ రెండు. ఒకటి చాలదు.

నూజివీడు బాబాయ్

నమస్కారం అండి. మా అన్నయ్య కొడుకు మొన్న పుట్టాడు, 36 గంటలైంది, ఇంకా మోషన్ అవ్వలేదు, పొట్ట ఉబ్బినట్టు ఉంది, ఇందాక పచ్చగా వాంతి అయ్యింది. ఇక్కడ నర్సింగ్‌హోమ్‌లో వేలితో చేస్తే కొంచెం గాలీ మోషనూ ఒక్కసారిగా చిమ్మాయి, ఇంక పర్లేదు అంటున్నారు. ఈ పోస్టు చదివాక నాకు భయంగా ఉంది.

సిస్టర్ రమ్య

బాబూ, పచ్చ వాంతి అంటే ఇక్కడ చదువుతూ కూర్చునే టైమ్ కాదు. నెలలు నిండిన పిల్లల్లో దాదాపు అందరికీ 48 గంటల లోపు మొదటి మోషన్ అయిపోతుంది, కానీ పచ్చ వాంతి ఉన్నప్పుడు ఆ 48 కోసం ఎదురుచూడకూడదు. వేలు తియ్యగానే చిమ్మడం కూడా అనుమానించాల్సిన గుర్తే. హిర్ష్‌స్ప్రంగే అని నేను చెప్పట్లేదు, పేగు మెలిపడినా పచ్చ వాంతే వస్తుంది, అది ఇంకా అర్జెంట్. పాలు పట్టడం ఆపమని ఇప్పుడే డాక్టర్‌ని అడగండి, పిల్లల సర్జరీ విభాగం ఉన్న చోటికి రిఫర్ చెయ్యమనండి, మీకు గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఉంది. బిడ్డని వెచ్చగా చుట్టి అంబులెన్స్‌లో తీసుకెళ్ళండి. బిడ్డ తల్లిది రక్తం గ్రూపు కాగితం, కాన్పు కాగితాలు ఫోటో తీసి నీ ఫోన్లో పెట్టుకో.

నూజివీడు బాబాయ్

రిఫర్ లెటర్ రాస్తున్నారు అండి. బయల్దేరుతున్నాం.

చిన్నోడి అమ్మ, ఖమ్మం

చేరాక రాయండి బాబాయ్ గారూ. బ్యాగ్ పెట్టాల్సి వస్తే మా దగ్గర పిల్లల సైజువి ఓపెన్ చెయ్యని ప్యాకెట్లు, స్టోమా పౌడర్ ఉన్నాయి, డేట్ ఇంకా ఉంది. అడ్రస్ ఇక్కడ పెట్టకండి, నాకు మెసేజ్ చెయ్యండి, మా ఆయన విజయవాడ వైపు వారానికోసారి వెళ్తారు, ఇచ్చేసి వస్తారు.